పదిహేడు నంబరు పానా

మన వార్షిక సంచికలో సాహిత్యం, చరిత్ర, జాతీయ సమైక్యత, స్త్రీ విద్య మొదలైన విషయాలపై వ్యాసాలు ఏటా వెలువడుతూనే ఉన్నాయి. వాటి నడుమ మోటారు సైకిలు ఇంజను ఆయిలు మార్చడానికి కావలసిన పనిముట్ల ప్రస్తావన కనిపిస్తే పెద్దలు కొందరు ముక్కున వేలు వేసుకోవచ్చు. అటువంటివారు ఒక్కసారి కళాశాల ఆవరణలో బండ్లు నిలిపే చోటికి దయచేయాలని మనవి. బన్సీలాల్‌పేట, బోలక్‌పూర్, కవాడీగూడ, బోయిగూడ ప్రాంతాల నుంచి వచ్చే విద్యార్థులలో ఎంతోమందికి ఇల్లు అద్దెది, బండి మాత్రం సొంతం. అది కూడా వాయిదాలపై కొన్నది. ఉదయం తరగతులకు వచ్చిన కుర్రవాడు సాయంత్రం అదే బండిపై ఇంటింటికీ భోజనపు పొట్లాలు అందిస్తాడు. ఆ బండి ఆగితే అతని చదువూ ఆగుతుంది, కొన్నిచోట్ల ఇంటిలో పొయ్యి కూడా ఆగుతుంది. కనుక ఆ బండి ఆరోగ్యం విద్యకు సంబంధించిన విషయమే అని నా అభిప్రాయం.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఇంటి నుంచి కళాశాలకు రాకపోకలకు రోజుకు 10 కిలోమీటర్లు తిరిగే విద్యార్థి 3,000 కిలోమీటర్లు పూర్తి చేయడానికి 300 రోజులు పడుతుంది. సాయంత్రం పంపిణీ పనికి పోయి రోజుకు 100 కిలోమీటర్లు తిరిగేవాడికి అదే దూరం ఒక్క నెలలో పూర్తి అవుతుంది. చిన్న బండ్లలో చాలావాటికి 3,000 నుంచి 6,000 కిలోమీటర్ల మధ్య ఆయిలు మార్చమని తయారీదారులు వ్రాస్తారు. అంటే మొదటివాడికి ఏడాదికి ఒకమారు తటస్థించే పని రెండవవాడికి ఒకటి రెండు నెలలకొకమారు తప్పదు. డబ్బు తక్కువ ఉన్నవాడికే ఈ ఖర్చు ఎక్కువసార్లు వస్తుంది. అందుచేత అతడు వాయిదా వేస్తాడు. వాయిదా వేసిన కొద్దీ ఆయిలు మసిబారి, పలచబడి, లోపల లోహం లోహాన్ని తినడం మొదలవుతుంది. నిజానికి ఆ పని ఇంటి ముందు అరగంటలో తానే చేసుకోదగినది. చేసుకోలేకపోవడానికి కారణం సోమరితనం కాదు. సరియైన పనిముట్టు ఏదో అతనికి ఎవరూ చెప్పకపోవడమే కారణం.

ఈ అవసరం మన నగరంలో మరీ పాతది కాదు. ఒక తరం క్రితం వరకు వీధులలో తిరిగిన రాజ్‌దూత్, యెజ్దీ బండ్లు, బజాజ్ చేతక్ స్కూటర్లు రెండు స్ట్రోకుల ఇంజన్లవి. వాటికి ఆయిలును పెట్రోలులో కలిపి పోసేవారు. అది పెట్రోలుతోపాటే మండి నీలిపొగగా పోయేది. మార్చవలసింది గేరుపెట్టెలోని ఆయిలు మాత్రమే. 1984లో ఏర్పడిన హీరో హోండా సంస్థ 1985లో సి.డి. 100 బండిని విడుదల చేసిన తరువాత నాలుగు స్ట్రోకుల ఇంజను సామాన్యుని ముంగిట్లోకి వచ్చింది. పెట్రోలు నింపి, మూత పెట్టి, ఇక మరచిపొమ్మని ఆ బండి ప్రకటనలు చెప్పేవి. జనం పెట్రోలుతోపాటు ఆయిలును కూడా మరచిపోయారు! ఇంజను అడుగున నిలువ ఉండి, మళ్లీ మళ్లీ అదే తిరుగుతూ, యంత్ర భాగాలను చల్లబరుస్తూ, రాపిడిని తగ్గిస్తూ, మసిని తనలో కలుపుకునే ఆయిలు అది. దానికి ఒక ఆయుర్దాయం ఉందన్న సంగతి ప్రకటనలో చెప్పడానికి చోటు ఎక్కడిది?

ఇక పనిముట్ల సంగతి. ఇంజను అడుగుభాగాన ఒక బోల్టు ఉంటుంది. దానిని విప్పితే పాత ఆయిలు దిగుతుంది. సి.డి. 100 నుంచి స్ప్లెండర్ దాకా సాగిన ఆ ఇంజను కుటుంబంలో ఈ బోల్టు తల సాధారణంగా 17 మిల్లీమీటర్లది. రాణీగంజ్‌లో దీనిని విప్పే పనిముట్టును 17 నంబరు పానా అంటారు. ఉర్దూ మాటాడే ఉస్తాదు సత్రా నంబర్ పానా అంటాడు. అంకె పేరు మారుతుంది గాని పానా మారదు. ఈ 17 అనేది బోల్టు లావు కాదని చాలామందికి తెలియదు. బోల్టు మర లావు 12 మిల్లీమీటర్లే. ఆరు పలకల తలలో ఎదురెదురుగా ఉన్న రెండు పలకల మధ్య దూరం 17. పానా నోటి మీద చెక్కిన అంకె ఆ దూరాన్నే సూచిస్తుంది. ఇంత చిన్న విషయం తెలియక స్కేలుతో మర లావు కొలిచి 12 నంబరు పానా కొని తెచ్చుకునేవారు కలరు.

పానాలలో జాతులు కూడా ఉన్నాయి. రెండు కొనలా తెరచిన నోరు ఉండేది ఫిక్స్ పానా. అది ఆరు పలకలలో రెండింటిని మాత్రమే పట్టుకుంటుంది. బిగుతుగా ఉన్న బోల్టు మీద బలం ప్రయోగిస్తే దాని నోరు వెంట్రుకవాసి విచ్చుకుని మూలల మీదికి జారుతుంది. గుండ్రంగా చుట్టూ పట్టుకునేది రింగు పానా. గిన్నెవలె తలను పూర్తిగా కప్పేది సాకెట్టు; మన మెకానిక్కుల భాషలో గోటీ. ఆయిలు బోల్టుకు రింగు పానా గాని గోటీ గాని వాడాలి. వీటిలో కూడా లోపల పన్నెండు గాళ్లు ఉన్నవాటికంటె ఆరు పలకలు ఉన్న గోటీ మేలు. అది బలాన్ని మూలల మీద పడనీయక పలకల వెడల్పు మీద పరచుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మన సామెత. ఈ పనికి మాత్రం గోటీయే కావాలి. గొడ్డలి పాత్రను మన ఇళ్లలో కటింగ్ ప్లయరు, నోరు పెంచి తగ్గించే స్క్రూ పానా నిర్వహిస్తున్నాయి.

ఆ రెండింటిని గురించి కాస్త కటువుగానే చెప్పవలసి ఉంది. ఏ ఇంటి అలమారలో వెదికినా దొరికేవి అవే. అన్నిటికీ పనికివస్తాయన్న నమ్మకంతో కొంటారు. ప్లయరు పళ్లు బోల్టు మూలలను కొరుకుతాయి. స్క్రూ పానా నోరు ఎంత బిగించినా కొంత వదులు మిగులుతుంది, ఆ వదులు చాలు మూలలు అరిగిపోవడానికి. మూడుమార్లు జారిన తరువాత ఆరు పలకల తల గుండ్రంగా తయారవుతుంది. అప్పుడు 17 నంబరు పానా తెచ్చినా ప్రయోజనం ఉండదు. ఉలి, సుత్తి, వెల్డింగు వరకు పోతుంది వ్యవహారం. రెండు సినిమా టికెట్ల ధరకు వచ్చే పానా కొనకపోవడం వల్ల దానికి ఎన్నో రెట్లు వదిలించుకునే దుస్థితి ఇది.

ఇక్కడ మన పాఠ్యపుస్తకాలను గురించి ఒక మాట. భౌతికశాస్త్రంలో బలభ్రామకం పాఠం చదవని ఇంటర్మీడియట్ సైన్సు విద్యార్థి ఉండడు. బలాన్ని దూరంతో హెచ్చవేయాలని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకుంటాడు. ఆ సూత్రాన్నే పానాకు అన్వయించమంటే నోరు మెదపడు. 100 సి.సి. బండి ఆయిలు బోల్టుకు సుమారు 25 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. పానా పిడి 20 సెంటీమీటర్ల పొడవు ఉంటే, దాని చివర 125 న్యూటన్ల బలం, అనగా 12, 13 కిలోల బరువు వేలాడదీసినంత ఒత్తిడి ఇస్తే సరిపోతుంది. ఒక చేతితో సుఖంగా చేయదగిన పని. అదే పిడికి ఇనుప గొట్టం తొడిగి పొడవును 60 సెంటీమీటర్లు చేస్తే అదే చేతి బలం 75 న్యూటన్ మీటర్లవుతుంది. బోల్టు ఉక్కుది. అది దిగే ఇంజను పెట్టె అల్యూమినియంది. మూడింతల బిగింపుకు ఉక్కు నిలుస్తుంది గాని అల్యూమినియంలోని మర చీలికలై ఊడివస్తుంది. ఆ తరువాత లేతు పనివాని వద్దకు పోయి మర మళ్లీ కోయించుకోవాలి, అదీ ఇంజను పెట్టెలో అవకాశం ఉంటే. బలంగా బిగిస్తే ఆయిలు కారదని నమ్మి గొట్టం తొడిగేవారు ఈ లెక్కను ఒకసారి కాగితం మీద వేసి చూడాలి. ఆయిలు కారకుండా కాపాడేది బలం కాదు, బోల్టు కింద ఉండే మెత్తని రాగి లేక అల్యూమినియం వాషరు. అది నలిగి సందు మూస్తుంది. ఒకసారి నలిగినది మళ్లీ అంతగా నలగదు కనుక ప్రతిసారీ కొత్తది వేయడం మంచిది. దాని ఖరీదు ఒక టీ ఖరీదుకు అటూ ఇటూ.

మరొక చిక్కు ఉంది, దానిని ఏ పుస్తకమూ చెప్పగా నేను చూడలేదు. బోల్టు తలను ఎదురుగా చూస్తున్నప్పుడు గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిప్పితే విడుతుంది. కాని ఆయిలు బోల్టు తల నేలవైపు ఉంటుంది. మనం పైనుంచి వంగి చెయ్యి కిందికి పోనిస్తాము. పైనుంచి చూచేవానికి ఆ దిశ తలకిందులవుతుంది. విప్పుతున్నానని భ్రమించి బిగిస్తాడు, కదలకపోతే ఇంకా బలం పెడతాడు. మర చెడిపోయే సందర్భాలలో ఈ పొరపాటుకు తక్కువ వాటా లేదు. నేలమీద ఒక పాత గోనెసంచి పరచుకుని, తల వంచి, బోల్టు ముఖం కనిపించేటట్లు చూచుకున్నవాడికి ఈ ప్రమాదం లేదు. ఆ లెక్కన గోనెసంచి కూడా పనిముట్టే.

పానాల అంకెలు ఇంత సూటిగా ఉండడం కూడా మనకు ఉచితంగా రాలేదు. బ్రిటిష్ ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. అంతకు ముందు ఒక కార్ఖానాలో చేసిన బోల్టుకు మరొక కార్ఖానా నట్టు పట్టేది కాదు. విట్‌వర్త్ పానాలపై చెక్కిన అంకె నోటి వెడల్పు కాదు, బోల్టు లావు. పావు అంగుళమని చెక్కిన పానా నోరు నిజానికి అర అంగుళం దాటి ఉంటుంది. సికింద్రాబాద్ కంటోన్మెంటు ఊరు. ఇంగ్లీషు బండ్లు మన వీధులకు కొత్తవి కావు. బుల్లెట్టు కూడా అటువంటి వంశంలోనిదే, 1955లో మద్రాసులో స్థాపించిన కంపెనీ ద్వారా మన దేశపు బండి అయింది. పాత బండ్ల ఉస్తాదుల పెట్టెలలో అంగుళాల పానాలు, మిల్లీమీటర్ల పానాలు కలగాపులగంగా కనిపించడానికి కారణం ఇదే. 1956లో మన దేశం మెట్రిక్ తూనికలు కొలతల చట్టం చేసుకుని, 1960 దశకం తొలినాళ్లకు వాటిని తప్పనిసరి చేసిన తరువాత క్రమంగా ఈ గందరగోళం తగ్గింది. నేటి బండికి అంగుళాల పానా దాదాపుగా సరిపోయినట్లు అనిపిస్తుంది. ఆ దాదాపు అన్న మాటలోనే మూలలు అరిగిపోతాయి.

ఇట్టి పనిముట్ల కోసం మన విద్యార్థి ఎంతో దూరం పోనక్కరలేదు. రాణీగంజ్ ఇక్కడికి నడిచి పోదగిన దూరంలో ఉంది. బేరింగుల నుంచి బోల్టుల దాకా, పంపుసెట్ల నుంచి పానాల దాకా ఇనుప సామాను అంగళ్లు అక్కడ వరుస తీరి ఉన్నాయి. జలంధర్, లూధియానా, నాసిక్ మొదలైన ఊళ్లలో తయారైన చేతి పనిముట్లు ఆ అంగళ్లలో దొరుకుతాయి. కొనేటప్పుడు మెరుపు చూచి మోసపోరాదు. మంచి పానా క్రోము వెనేడియం ఉక్కుతో చేసినదై, నోటి లోపలి పలకలు నున్నగా, అంచులు నిక్కచ్చిగా ఉంటాయి. వీలైతే ఒక 17 నంబరు బోల్టు అడిగి తీసుకుని నోటిలో పెట్టి చూడాలి. గలగలలాడితే తిరిగి ఇచ్చివేయాలి. ఇరవై నాలుగు పనిముట్ల పెట్టె ఒకటి చవకగా ఇస్తానని ఆశ చూపే దుకాణదారుడు ఎదురవుతాడు. అందులో ఇరవై మనకు అక్కరలేనివి, తక్కిన నాలుగు మెత్తని ఇనుముతో పోతపోసినవి. అంతకంటె ఒక మంచి పానా, ఒక గరాటు, రెండు వాషర్లు కొనుక్కుని ఇంటికి రావడం ఉత్తమం. బుల్లెట్టు వంటి బండ్లు ఉన్నవారికి కాగితపు ఫిల్టరు, దాని మూతకు ఉన్న చిన్న బోల్టుల కొరకు 8 నంబరు గోటీ అదనం. బండితో వచ్చిన చిన్న పుస్తకాన్ని ఒకసారి తెరిస్తే వీటి కొలతలు, పోయవలసిన ఆయిలు పరిమాణం అన్నీ ఉంటాయి. ఆ పుస్తకం ఎక్కడ ఉందో తెలిసినవారు ఎందరో నాకు సందేహమే.

రాణీగంజ్‌కు ఇవతల కవాడీగూడలో 1943లో స్థాపితమైన ప్రాగా టూల్స్ సంస్థ యంత్ర పనిముట్లు తయారు చేసి దేశమంతటా పేరు పొందింది. 1988లో అది హెచ్.ఎం.టి. పరిధిలోకి చేరింది. అటు బాలానగర్‌లో 1968లో ఐక్యరాజ్యసమితి సహాయంతో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ వెలసింది. ఈ విధంగా పనిముట్టును గౌరవించిన నగరం మనది. ఆ సంస్థలలో పనిచేసినవారి ఇళ్లు మన పేటల్లోనే ఉండేవి, వారి మనుమలు మన కళాశాలల్లో చదువుతున్నారు. తాత మైక్రోమీటరుతో కొలిచిన ఇంటిలో మనుమడు ప్లయరుతో బోల్టు పీకుతున్నాడంటే నడుమ ఏదో ఒక లంకె తెగిపోయింది. ఆ లంకెను తెంచింది మన చదువే అని నేను అనుకుంటాను. చేతికి మసి అంటితే చదువుకు మచ్చ అంటినట్లు చూచే అలవాటు మనలో చాలామందికి ఉంది.

ఆయిలు డబ్బా ఎంపిక కూడా పనిముట్టు ఎంపిక వంటిదే. మోటారు సైకిలులో ఒకే ఆయిలు ఇంజనును, గేర్లను, తడి క్లచ్చును కలిపి సేవిస్తుంది. కారు కోసం చేసిన ఆయిళ్లలో కొన్నింటిలో జారుడు పెంచే పదార్థాలు ఉంటాయి. వాటిని పోస్తే క్లచ్చు పలకలు జారిపోతాయి, ఇంజను అరుస్తుంది గాని బండి కదలదు. అందుకే డబ్బా మీద జాసో ఎం.ఎ. అనే గుర్తు చూచి కొనాలి. గేరు లేని స్కూటరుకు క్లచ్చు పొడిది కనుక దానికి ఎం.బి. గుర్తు. స్కూటరులో వెనుక చక్రపు గేర్లకు వేరుగా ఆయిలు ఉంటుందన్న సంగతి స్కూటర్లు నడిపే మన విద్యార్థినులు ప్రత్యేకంగా గమనింపదగినది.

ఇంతవరకు చెప్పినవన్నీ బండి క్షేమానికి సంబంధించినవి. కాని ఈ వ్యాసం వ్రాయడానికి నన్ను పురికొల్పింది మరొక పనిముట్టు. అది పానా కాదు, గోటీ కాదు. పాత ఆయిలు పట్టే పళ్లెం, దానిని నిలువచేసే మూతగల డబ్బా. ఇళ్ల ముందు ఆయిలు మార్చేవారిలోనూ, దారి పక్క షెడ్డులలో కొందరిలోనూ నేను గమనించిన లోపం ఇదే. పానా సరియైనదే ఉంటుంది, పళ్లెం ఉండదు. నల్లని ఆయిలు నేలపైకో మురుగు కాలువలోకో దిగిపోతుంది. మన బండి నుంచి వచ్చేది ఒక లీటరుకు కొంచెం తక్కువే కదా అనిపిస్తుంది. ఒకమారు మార్చిన పాత ఆయిలు దానికి పది లక్షల రెట్లు మంచినీటిని చెడగొట్టగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరించింది. అందులో అరిగిన లోహాలు, సగం మండిన మసి, రసాయనాలు కలిసి ఉంటాయి. అది నీటిపై పొరగా పరచుకుని గాలిని లోపలికి పోనీయదు. ఏళ్ల తరబడి చర్మానికి అంటుతూ ఉంటే వ్యాధులకు దారి తీస్తుంది. మన దేశపు 2016 నాటి నిబంధనలలో వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉంది. దానిని తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను తయారీదారులపైనే మోపే నియమాలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి.

బన్సీలాల్‌పేట వాసులకు నీటి సంగతి వేరుగా చెప్పవలసిన పని లేదు. పదిహేడవ శతాబ్దం నాటిదని చెప్పే మన మెట్లబావి ఎదురుగానే ఉంది. మెట్లు, స్తంభాలు, ఒకప్పుడు పేటకంతటికీ దాహం తీర్చిన నీరు, అన్నీ చెత్త కింద దశాబ్దాల తరబడి పూడిపోయి ఉండేవి. అక్కడ ఒక బావి ఉందన్న సంగతి కూడా చిన్నవారికి తెలియకుండా పోయింది. నగరపాలక సంస్థ, వాననీటి పరిరక్షణకు పాటుపడే స్వచ్ఛంద సంస్థ కలిసి లారీలకొద్దీ చెత్త తోడించి, మెట్లు శుభ్రం చేయించి, 2022 డిసెంబరు 5న దానిని తిరిగి ప్రజలకు అందించాయి. తోడుతున్నకొద్దీ అడుగున ఊట నీరు ఇంకా ఉన్నదని తేలింది. ఆ ఊట ఎక్కడి నుంచి వస్తుంది? మన ఇళ్ల కింది నేల నుంచే. పైనుంచి చెత్త వేయకుండా బావి చుట్టూ కంచె కట్టగలిగాము. నేలలోకి ఇంకే ఆయిలుకు కంచె ఎక్కడ కట్టగలం?

కళాశాలలో వంద బండ్లు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి ఏడాదికి మూడుమార్లు ఆయిలు మార్చుకుంటే మూడు వందల లీటర్లు, అనగా పెద్ద పీపా ఒకటిన్నర. ఈ ఆయిలు ఎవరికీ పనికిరానిదీ కాదు. పాత ఆయిలు కొనేవారు షెడ్డుల వెంట తిరుగుతూనే ఉంటారు. ఇళ్ల కప్పులు పోసేటప్పుడు సెంట్రింగు పలకలకు సిమెంటు అంటకుండా దీనిని పూసే వాడుక ఉంది. అంతకంటె మంచి దారి అనుమతి గల శుద్ధి కర్మాగారాలకు చేర్చడం. అక్కడ దాని నుంచి మళ్లీ ఆయిలు తీస్తారు. కాలువలో పోస్తున్నది ఒకవైపు విషం, మరొకవైపు సొమ్ము.

అందుచేత కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. గ్రంథాలయంలో పుస్తకం ఇచ్చి పుచ్చుకునే పద్ధతి మనకు ఉంది. అదే పద్ధతిలో బండ్లు నిలిపే చోట ఒక చిన్న పెట్టె ఏర్పాటు చేయవచ్చు. అందులో ఉండవలసినవి చాలా తక్కువ. ఎక్కువ బండ్లకు పనికివచ్చే నాలుగైదు కొలతల మంచి గోటీలు, పిడి, గరాటు, కొలత పాత్ర, చేతి తొడుగులు, వెడల్పాటి పళ్లెం. సాధ్యమైతే బిగింపును కొలిచి చూపే టార్కు రెంచి ఒకటి. అది కొంత ఖరీదైనది నిజమే, కాని భౌతికశాస్త్ర ప్రయోగశాల ఖాతాలో కొన్నా తప్పులేదు, బలభ్రామకం పాఠానికి అంతకంటె మంచి ఉపకరణం ఏముంది? పక్కనే పాత ఆయిలుకు ఒక పీపా.

దీనికి వచ్చే అభ్యంతరాలు కొన్ని నాకు తెలియకపోలేదు. పనిముట్లు మాయమవుతాయని అంటారు. పుస్తకాలూ మాయమవుతాయి, అయినా గ్రంథాలయం మూసివేయలేదు. గుర్తింపు కార్డు ఉంచుకుని పనిముట్టు ఇస్తే చాలు. ఇటువంటి పని కళాశాలకు తగదని మరికొందరు అంటారు. వారితో వాదించను. సాయంత్రం పనికి పోయే ఒక విద్యార్థితో అయిదు నిమిషాలు మాట్లాడమని మాత్రం ప్రార్థిస్తాను. మూడవ అభ్యంతరం బరువైనది. మన విద్యార్థులు తమ పని తామే చేసుకుంటే దారి పక్క మెకానిక్కుల పొట్ట కొట్టినట్లు కాదా? వారిలో ఎందరో మన విద్యార్థుల తండ్రులు, అన్నలు. ఈ ప్రశ్నకు తేలిక సమాధానం లేదు. ఆయిలు మార్చినందుకు వారికి దక్కే కూలి తక్కువ, ఇంజను విప్పే పనిలోనే వారి జీవనం ఉంది అని నేను గమనించినది. పైగా ఈ విద్య నేర్పవలసినది వారే. టర్ముకు రెండు మధ్యాహ్నాలు ఒక ఉస్తాదును తగిన పారితోషికంతో పిలిపించి, ఉపన్యాసకులకు ఇచ్చే కుర్చీయే ఆయనకు ఇచ్చి, విద్యార్థుల చేతనే బోల్టు విప్పించాలి. మరమ్మతు, కార్ఖానా, ఉస్తాద్, పానా అన్న మాటలు తెలుగువారూ ఉర్దూవారూ కలిసి వాడుకునేవే కనుక ఆ తరగతికి భాషా మాధ్యమం సమస్య కూడా ఉండదు. మన రెండు విభాగాలు ఒకే బెంచీ మీద కూర్చునే తరగతి అదొక్కటే కావచ్చు.

పీపా విషయంలో ఒక చిన్న హెచ్చరిక. దానిని రేకుల కప్పు కింద, ఇటుకల మీద ఎత్తుగా ఉంచాలి, బిగుతైన మూత ఉండాలి. పెట్రోలుగాని బ్రేకు ఆయిలుగాని అందులో కలపనీయరాదు. వానాకాలంలో మూత తెరచి ఉంచితే నీరు చేరుతుంది. నీరు కలిసిన ఆయిలును శుద్ధి చేసేవారు తీసుకోవడానికి ఇష్టపడరు.